చిన్న ట్రాక్టర్‌కే పవర్ స్టీరింగ్ ముందు కావాలి

"చిన్న బండికి పవర్ స్టీరింగ్ ఎందుకన్నా, డబ్బు దండగ కదా?" మినీ ట్రాక్టర్ కొనాలనుకునే రైతులు నన్ను తరచుగా అడిగే మాట ఇది. షోరూములో అప్పటికే ఎవరో చెప్పి పంపి ఉంటారు. 50 హార్స్‌పవర్ బండికైతే కావాల్సిందే, 24 హార్స్‌పవర్ బండి ముందు చక్రాలు ఎంత, చేత్తో తిప్పినా తిరుగుతాయి, ఆ డబ్బు రొటావేటర్‌కు పెట్టుకోండి అని. అనంతపురం జిల్లాలో ట్రాక్టర్లు విప్పి బిగించడమే నా బతుకుతెరువు. ఈ మాటను నేను ఒప్పుకోను. పెద్ద బండికి లేకపోతే ఎలాగో సర్దుకోవచ్చు గానీ, తోటల్లో తిరిగే చిన్న బండికి పవర్ స్టీరింగ్ ఉండి తీరాలి.

ఎందుకో లెక్క వేసి చూడండి. పెద్ద ట్రాక్టర్ శనగ చేనిలో కల్టివేటర్ దించిందంటే ఒక గట్టు నుంచి ఇంకో గట్టు దాకా నేరుగా పోతుంది. మా వైపు మినీ ట్రాక్టర్ కొనేది చీనీ తోటల కోసం, దానిమ్మ తోటల కోసం. 20 అడుగులకొక చెట్టు చొప్పున నాటిన చీనీ తోటలో ఎకరాకు 108 చెట్లు పడతాయి. ఎకరా చదరంగా ఉంటే ఒక్కో వైపు 209 అడుగులు, అంటే పది సందులు. నాలుగడుగుల రొటావేటర్‌తో ఒక్కో సందులో మూడుసార్లయినా పోవాలి. నిలువుగా దున్నితే 30 మలుపులు. డ్రిప్పు పైపులు అడ్డం రాని తోటయితే అడ్డంగా కూడా దున్నుతారు, అప్పుడు 60. ఒక్కో మలుపులో స్టీరింగ్‌ను ఒక కొస దాకా తిప్పి మళ్లీ నేరుగా తేవాలి, అంటే తక్కువలో తక్కువ మూడు చుట్లు. ఒక్క ఎకరా దున్నేసరికి స్టీరింగ్ 180 చుట్లు తిరుగుతుంది. అయిదెకరాల తోటలో సాయంత్రానికి డ్రైవర్ భుజాలు ఎలా ఉంటాయో ఆ డ్రైవర్‌నే అడగండి.

పైగా తోటలో ఆ డ్రైవర్‌కు స్టీరింగ్ మీద ఉండేది ఒక్క చెయ్యే. రెండో చెయ్యి హైడ్రాలిక్ లివర్ మీద ఉంటుంది, లేదంటే ముఖానికి తగిలే కొమ్మను పక్కకు నెడుతూ ఉంటుంది. కళ్లు వెనక్కి చూస్తుంటాయి, రొటావేటర్ బ్లేడు చెట్టు మొదలుకు తగలకుండా, డ్రిప్పు పైపును చుట్టుకోకుండా. ఈ స్థితిలో బరువైన స్టీరింగ్‌ను ఒంటి చేత్తో తిప్పలేక అర అడుగు ఆలస్యమైతే పదేళ్లు పెంచిన చెట్టు బెరడు లేచిపోతుంది. బండి చిన్నది కాబట్టి తేలిగ్గా ఉంటుందనే మాట కూడా సగమే నిజం. రొటావేటర్ లేపినప్పుడు ముందు భాగం తేలిపోకుండా ముందర ఇనుప బరువులు బిగిస్తారు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు ఇరుసులోనే గేర్లు ఉంటాయి, అదొక బరువు. అప్పుడే దున్నిన మెత్తటి మట్టిలో ముందు చక్రాలు పక్కకు తిరగాలంటే మట్టిని తోసుకుంటూ తిరగాలి. ఇదంతా చేతుల మీదే పడుతుంది.

పాత పద్ధతి స్టీరింగ్ ఎలా పనిచేస్తుందో డ్రైవర్లందరికీ తెలుసు. స్టీరింగ్ రాడ్డు కింద ఒక బాక్స్, అందులో మరచుట్ల రాడ్డు, దాని మీద బాల్స్‌తో నడిచే నట్టు. ఆ నట్టు కదిలితే డ్రాప్ ఆర్మ్ ఊగుతుంది, డ్రాప్ ఆర్మ్ డ్రాగ్ లింకును లాగుతుంది, అది చక్రాన్ని తిప్పుతుంది. అంతా ఇనుముకు ఇనుము తగులుకుని నడిచే పని. చెయ్యి ఎంత తోస్తే అంతే. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. చేతి నుంచి చక్రానికి బలం ఏ దారిలో పోతుందో, చక్రం నుంచి చేతికి దెబ్బ అదే దారిలో వెనక్కి వస్తుంది. ఎర్ర నేలల్లో దాగిన గుండ్రాయి మీదికి చక్రం ఎక్కితే స్టీరింగ్ గిర్రున తిరిగి తంతుంది. పాత డ్రైవర్లు కొత్తవాళ్లకు ముందుగా నేర్పేది "బొటనవేలు లోపల పెట్టొద్దురా, బయట పెట్టు" అని. లోపల పెట్టినవాడి వేలు విరగడం ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు వింత కాదు.

పవర్ స్టీరింగ్‌లో ఈ ఇనుప దారిని మధ్యలో కోసేసి, ఆ చోట ఆయిల్ పెట్టారు. మా షెడ్డుకు వచ్చిన రైతుకు ఈ మాట చెప్తే నమ్మడు. స్టీరింగ్ రాడ్డు కింద నుంచి చక్రం దాకా చూపించి "ఏదీ, ఇక్కడేముంది కలిపే రాడ్డు?" అని వెతికిస్తాను. ఉండదు. స్టీరింగ్ కింద పిడికిలి కన్నా కాస్త పెద్ద ఇనుప యూనిట్ ఉంటుంది, దాన్ని మేం ఆర్బిట్రోల్ అంటాం. దాని నుంచి నాలుగు గొట్టాలు బయలుదేరతాయి. ఒకటి పంపు నుంచి వచ్చేది, ఒకటి ట్యాంకుకు తిరిగి పోయేది, మిగతా రెండూ ముందు ఇరుసు మీద అడ్డంగా పడుకున్న సిలిండర్‌కు, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. సిలిండర్ రాడ్డు జరిగితే చక్రాలు తిరుగుతాయి. అంతే.

పంపు ఇంజన్‌కు బిగించి ఉంటుంది, ఇంజన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది. కొన్ని చిన్న బండ్లలో స్టీరింగ్‌కు విడిగా చిన్న పంపు, చిన్న ట్యాంకు ఇస్తారు. కొన్నింట్లో పంపు ఒక్కటే ఉండి, అందులోంచి స్టీరింగ్ వాటా ముందు తీసి మిగిలింది వెనుక లిఫ్టుకు పంపుతారు. డ్రైవర్ స్టీరింగ్ ముట్టుకోనప్పుడు ఆయిల్ ఆర్బిట్రోల్ గుండా ఊరికే వచ్చి ఊరికే ట్యాంకుకు పోతుంది, ఒత్తిడి దాదాపు ఉండదు. కాబట్టి "పవర్ స్టీరింగ్ డీజిల్ తాగుతుంది" అనే ప్రచారంలో పస లేదు. తిప్పిన ఆ రెండు సెకన్లే పంపు మీద భారం పడేది.

ఆర్బిట్రోల్ లోపల జరిగేది చూసినప్పుడల్లా నాకు దాన్ని తయారుచేసిన మనిషి మీద గౌరవం పెరుగుతుంది. లోపల ఒక గొట్టంలో ఇంకో గొట్టం తిరుగుతుంటుంది, రెండింటికీ బెజ్జాలు, గాడులు. రెండింటినీ నేరుగా పట్టి ఉంచేవి పల్చటి పట్టీ స్ప్రింగులు. మనం స్టీరింగ్ తిప్పగానే లోపలి గొట్టం కొన్ని డిగ్రీలు ముందుకు జరుగుతుంది, బెజ్జాలు ఎదురెదురుగా వస్తాయి, పంపు ఆయిల్‌కు దారి తెరుచుకుంటుంది. మన చెయ్యి చేసే పని ఆ స్ప్రింగును కాస్త వంచడమే. ఒకటి రెండు కేజీల బలం చాలు. కానీ దారి తెరిచి ఊరుకుంటే చక్రం ఆగకుండా కొస దాకా తిరిగిపోతుంది కదా? అక్కడే అసలు తెలివి ఉంది. తెరుచుకున్న ఆయిల్ నేరుగా సిలిండర్‌కు పోదు. అడుగున ఉన్న ఒక కొలత యంత్రం గుండా పోతుంది. ఏడు గుంటలున్న రింగు, దాని లోపల ఆరు పళ్ల నక్షత్రం. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతూ రింగులో గుండ్రంగా కూడా జరుగుతుంది. ఆరు, ఏడు సరిపోలవు కాబట్టి మధ్యలో గదులు పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. స్టీరింగ్ ఒక చుట్టు తిరిగితే ఆ గదులు మొత్తం 42 సార్లు నిండి ఖాళీ అవుతాయి. పాల కేంద్రంలో కొలపాత్రతో కొలిచి పోసినట్టు, ఒక చుట్టుకు ఇంత అని లెక్కగా ఆయిల్ సిలిండర్‌కు చేరుతుంది. నక్షత్రం తిరుగుతూ బయటి గొట్టాన్ని కూడా తనతో తిప్పుతుంది. మన చెయ్యి ఆగగానే బయటి గొట్టం లోపలి గొట్టాన్ని అందుకుంటుంది, బెజ్జాలు మూసుకుంటాయి, చక్రం అక్కడే ఆగుతుంది. చెయ్యి ఎంత తిరిగిందో చక్రం అంతే తిరుగుతుంది.

దీన్ని అంకెల్లో పెడితే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆర్బిట్రోల్ ఒక చుట్టుకు 50 సీసీ ఆయిల్ కొలుస్తుందనుకోండి. సిలిండర్ లోపలి వెడల్పు 40 మిల్లీమీటర్లు, మధ్య రాడ్డు 20 మిల్లీమీటర్లు అయితే ఆయిల్ నెట్టే చోటు దాదాపు 9.4 చదరపు సెంటీమీటర్లు. రాడ్డు 16 సెంటీమీటర్లు జరగాలంటే 150 సీసీ కావాలి. 50 సీసీ చొప్పున మూడు చుట్లు. ఒక కొస నుంచి ఇంకో కొసకు మూడు చుట్లు ఎందుకో ఇప్పుడు తెలిసిందా? ఆయిల్ ఒత్తిడి 100 బార్ ఉంటే సిలిండర్ నెట్టే బలం 900 కేజీల పైమాటే. పైన చేతిలో ఒకటి రెండు కేజీలు, కింద తొమ్మిది వందలు. కింద మట్టి ఎంత గట్టిగా ఎదురు తిరిగినా పైన చేతికి తెలియదు. రాయి తగిలినా సరే, ఆ దెబ్బను మూసుకున్న ఆయిల్ అక్కడే ఆపుతుంది. బొటనవేలు ఎక్కడ పెట్టినా భయం లేదు.

ఈ పనిముట్టు వెనుక పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీర్ 1926లోనే కారుకు హైడ్రాలిక్ స్టీరింగ్ పెట్టి నడిపి చూపించాడు. అది 1951లో గానీ క్రైస్లర్ ఇంపీరియల్‌తో మార్కెట్ కారులోకి రాలేదు. జాన్ డీర్ 1954లో వరుస పంటల ట్రాక్టర్లకు ఫ్యాక్టరీలోనే బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇందాక చెప్పిన ఆరు పళ్ల నక్షత్రం మిన్నియాపొలిస్‌లో లిన్ చార్ల్‌సన్ చేసిన పనికి కొనసాగింపు. డెబ్బై ఏళ్ల కిందట అక్కడ ట్రాక్టర్‌కు ఫ్యాక్టరీలోనే వచ్చిన సౌకర్యం ఇవాళ మా రైతుకు ఇంకా "ఆప్షన్"గా మిగలడం నాకు బాధగానే ఉంటుంది.

రైతుల భయం ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. "రాడ్డే లేదంటున్నావు, మధ్యలో ఇంజన్ ఆగితే బండి ఎటు పోతుందో?" ఇంజన్ ఆగినా, పంపు చెడినా స్టీరింగ్ పోదు. అప్పుడు ఆ కొలత యంత్రమే చేతి పంపుగా మారుతుంది. మనం స్టీరింగ్ తిప్పితే నక్షత్రం తిరుగుతుంది, ట్యాంకు వైపు నుంచి ఆయిల్ లాక్కుని సిలిండర్‌కు తోస్తుంది. బరువు మాత్రం చాలా పెరుగుతుంది. రెండు చేతులతో పాతిక కేజీల బలం పెడితే లోపల 50 బార్ దాకా ఒత్తిడి పుడుతుంది, కదులుతున్న బండిని రోడ్డు పక్కకు తెచ్చి ఆపడానికి అది చాలు. దిగుడు రోడ్డులో డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో వదిలే డ్రైవర్లున్నారు. పవర్ స్టీరింగ్ బండితో ఆ పని చేస్తే మలుపు దగ్గర ఒక్కసారిగా స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. ఆ అలవాటు మానుకోవాల్సిందే.

నిజంగా భయపడాల్సింది గొట్టం గురించి. సిలిండర్‌కు పోయే రెండు గొట్టాల్లో ఒకటి పగిలితే చేతి పంపు కూడా పనికి రాదు. తోసిన ఆయిల్ అంతా రోడ్డు మీద పడుతుంది, చక్రం కదలదు. కొన్ని చిన్న బండ్లలో పాత స్టీరింగ్ బాక్స్‌ను అలాగే ఉంచి దానికే హైడ్రాలిక్ సాయం కలుపుతారు. వాటిలో గొట్టం పగిలినా ఇనుప దారి ఉంటుంది కాబట్టి బరువుగానైనా తిరుగుతుంది. మీ బండి ఏ రకమో కొన్న రోజే అడిగి తెలుసుకోండి. రెండు రకాల్లోనూ గొట్టాలను గట్టిగా చూసుకోవాలి. చీనీ ముళ్ల కొమ్మలు గీసుకుని పైరబ్బరు లేచినా, ఎండకు పగుళ్లు వచ్చినా, బిగింపు దగ్గర చెమ్మ కనిపించినా మార్చేయాలి. పగిలిన చోట సైకిల్ ట్యూబు చుట్టి, తీగ కట్టి రోడ్డు మీదికి తెచ్చిన బండ్లు నేను చూశాను. చేతులెత్తి మొక్కుతాను, ఆ పని చేయొద్దు.

గొట్టం మార్చినప్పుడు కుడి ఎడమలు తారుమారైతే స్టీరింగ్ కుడికి తిప్పితే చక్రం ఎడమకు తిరుగుతుంది. వినడానికి విచిత్రంగా ఉన్నా ఇది జరిగే పని. బిగించిన తర్వాత బండి నిలబెట్టి ఒకసారి రెండు వైపులా తిప్పి కళ్లతో చూసుకున్నాకే షెడ్డు దాటాలి.

లీకు ఎక్కడుందో వెతకడానికి ఇంజన్ నడుస్తుండగా గొట్టం మీద వేలు పెట్టి తడిమేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. వంద బార్ ఒత్తిడిలో సూది మొనంత బెజ్జం నుంచి వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దూరుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. గంటలు గడిచేకొద్దీ లోపల కండ చచ్చిపోతుంది, చెయ్యే తీసేయాల్సి రావచ్చు. అట్ట ముక్క దగ్గర పెట్టి చూడండి, దాని మీద ఆయిల్ చుక్కలు పడతాయి. పొరపాటున లోపలికి దూరితే గాయం చిన్నదని ఇంటికి పోకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోయి, ఒత్తిడిలో ఉన్న ఆయిల్ దూరిందని డాక్టర్‌కు ఆ మాటే చెప్పాలి.

మిగతా రోగాలు చాలా వరకు ఆయిల్‌వే. నా షెడ్డుకు "స్టీరింగ్ గట్టిగా ఉంది" అని వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి నేను ముందు చేసే పని ట్యాంకు మూత తీయడం. ఆయిల్ నురగతో ఉంటే పంపు గాలి పీలుస్తోందని అర్థం, పీల్చే గొట్టం క్లిప్పు వదులై ఉంటుంది. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. వాషింగ్ చేసేటప్పుడు ప్రెషర్ గన్ నేరుగా ట్యాంకు మూత మీద పెట్టే పిల్లల్ని గట్టిగా మందలించాలి. నల్లబడి ఉంటే ఎన్నేళ్లుగా మార్చలేదో రైతును అడిగే పని లేదు. డబ్బా మీద ఏ ఆయిల్ రాసుందో చూడకుండా షెడ్డులో మిగిలిన ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. కంపెనీ పుస్తకంలో ఏది రాసుంటే అదే పోయాలి, రెండు రకాలు కలపకూడదు. ఆర్బిట్రోల్ లోపలి గొట్టాల మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. ఆయిల్‌లో తిరిగే ఇసుక రేణువు అక్కడ గీత గీస్తే ఆ యూనిట్‌కు మళ్లీ పాత బిగువు రాదు. ఆయిల్ మార్చాక ముందు ఇరుసును జాకీ మీద లేపి, ఇంజన్ స్లోలో ఉంచి, స్టీరింగ్‌ను కొస నుంచి కొసకు మెల్లగా తిప్పుతూ ఉంటే గాలంతా ట్యాంకులోకి వచ్చేస్తుంది. బుడగలు ఆగేదాకా ఆ పని చేసి, తగ్గిన ఆయిల్ నింపాలి.

కొస దాకా తిప్పి అక్కడే పట్టుకుని ఉంటే పంపు కీచుమని అరుస్తుంది. అది చెడిపోయిన గుర్తు కాదు, ఒత్తిడి హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వ్ తెరుచుకున్న చప్పుడు. కానీ అలాగే పట్టుకుంటే ఆయిల్ వేడెక్కి సీళ్లు గట్టిపడతాయి. కొస తగిలాక పూచికంత వెనక్కి వదలండి చాలు. కొసలో కూడా స్టీరింగ్ జారుతూ మెల్లగా తిరుగుతూనే ఉంటే లోపల ఆయిల్ ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జారిపోతోందని అర్థం. అది సిలిండర్ సీలు కావచ్చు, ఆర్బిట్రోల్ కావచ్చు. సిలిండర్ గొట్టాలు విప్పి మూతలు బిగించి తిప్పి చూస్తే తేలిపోతుంది. అప్పుడూ జారితే తప్పు ఆర్బిట్రోల్‌ది, జారకపోతే సిలిండర్‌ది. ఈ చిన్న పరీక్ష చేయకుండానే ఖరీదైన ఆర్బిట్రోల్ మార్పించేవాళ్లు మా వృత్తిలో ఉన్నారు. ముందు ఈ పరీక్ష చేయించమని అడగడం రైతు హక్కు. ఇక స్టీరింగ్ మీద బిగించిన గుబ్బ ఒక్కోసారి ఒక్కో చోట నిలబడుతోందని కంగారుపడి వచ్చేవాళ్లుంటారు. ఆయిల్‌తో నడిచే స్టీరింగ్‌లో కాస్త అలా జరగడం సహజం, దానికి ఏ మరమ్మతూ అక్కర్లేదు.

పవర్ స్టీరింగ్ వల్ల ఒకటి పోతుంది, అది కూడా చెప్పాలి. పాత స్టీరింగ్‌లో చేతికి నేల తెలిసేది. ట్రాలీలో ఇసుకో, రాళ్లో మోతాదు మించి వేస్తే వెనుక బరువుకు ముందు చక్రాలు తేలిపోతాయి. అప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా తేలిక కావడంతో పాత డ్రైవర్ పసిగట్టి వేగం తగ్గించేవాడు. పవర్ స్టీరింగ్ ఎప్పుడూ తేలికే కాబట్టి ఆ హెచ్చరిక ఉండదు. నేల మీద ఆనని చక్రాన్ని ఎంత సులువుగా తిప్పినా బండి తిరగదు. మినీ ట్రాక్టర్‌కు పెద్ద ట్రాలీ తగిలించి రోడ్డెక్కే వాళ్లకు ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి. అయితే దీనికి మందు లోడు తగ్గించడం, ముందు బరువులు బిగించడం. స్టీరింగ్ బరువుగా ఉంచుకోవడం మందు కాదు.

ఇప్పుడు నాతో ఈ వ్యాసం రాయించిన అసలు విషయానికి వస్తాను. మా పక్క ఊరిలో ఒకామెకు నాలుగెకరాల చీనీ తోట ఉంది. భర్త బెంగళూరులో పనిచేస్తాడు. పాత మినీ ట్రాక్టర్ ఉన్నన్నాళ్లూ దున్నాలన్నా, మందు కొట్టాలన్నా ఆమె డ్రైవర్ కోసం ఎదురుచూసేది. సీజన్‌లో డ్రైవర్ దొరకడు, దొరికినవాడు వాన పడ్డ మూడో రోజుకు గానీ రాడు. పదును ఆరిపోయేది. పోయినేడు ఆ బండి ఇచ్చేసి పవర్ స్టీరింగ్ ఉన్నది తీసుకున్నారు. ఇప్పుడు ఆమే నడుపుతుంది. "అన్నా, ఇంతకుముందు నాకు బండి నడపడం రాదనుకున్నాను. వచ్చు గానీ తిప్పలేకపోయానంతే" అంది ఒకరోజు ఆయిల్ ఫిల్టర్ కోసం వచ్చి. క్లచ్చు, గేరు, బ్రేకు అన్నీ ఆమెకు ముందే వచ్చు. గట్టు దగ్గర తిప్పడానికి కావాల్సిన భుజబలం ఒక్కటే అడ్డం. అరవై దాటిన రైతుల సంగతీ అంతే. కొడుకులు ఊళ్లో లేరు, తోట ఉంది, బండి ఉంది, నడిపే చేతులకు బలం తగ్గింది. ఆ ఇంట్లో ఎవరు సీటు మీద కూర్చోగలరో షోరూములో ఆ ఒక్క ఆప్షన్ దగ్గరే తేలిపోతోంది.

వ్యవసాయ యంత్రాల మీద కేంద్ర పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీ రైతులకు 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా రాయితీ ఉంది. మహిళల పేరు మీద ఎక్కువ రాయితీ ఇచ్చి, మహిళ తిప్పలేని స్టీరింగ్ ఉన్న బండి ఇస్తే ఆ బండి పేరుకే ఆమెది, నడిపేది ఇంకొకరు. రాయితీ కింద ఇచ్చే మినీ ట్రాక్టర్లకు పవర్ స్టీరింగ్ తప్పనిసరి చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖలనూ అడుగుతున్నాను. ధర పెరుగుతుందనే సాకు ఇప్పుడు అంతగా నిలవదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ హైడ్రాలిక్ పంపుల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. నాలుగు లక్షల బండి మీద ఏడు శాతమంటే 28 వేల రూపాయలు. ఆ మిగులు మ్యూజిక్ సిస్టమ్‌కు, పైకప్పుకు పోకుండా స్టీరింగ్‌కు పోవాలి.

కంపెనీలు కూడా ఒక పని చేయాలి. బ్రోచర్లో హార్స్‌పవర్ ఉంటుంది, ఎంత బరువు లేపుతుందో ఉంటుంది, ఎంత చోటులో తిరుగుతుందో ఉంటుంది. తిప్పడానికి చేత్తో ఎంత బలం పెట్టాలో మాత్రం నేను చూసిన బ్రోచర్లలో లేదు. యూరప్ వాళ్లు 1975లోనే ట్రాక్టర్ స్టీరింగ్‌కు ఆదేశం తెచ్చి, 12 మీటర్ల వ్యాసార్థం ఉన్న వలయంలో తిప్పడానికి చేతిబలం 25 కేజీలు మించకూడదని, పవర్ సాయం పోయినప్పుడు కూడా 60 కేజీలు దాటకూడదని రాసుకున్నారు. మన బండ్లకూ ఆ రెండు అంకెలు కొలిచి బ్రోచర్లో తెలుగులో వేస్తే రైతు తనకు తానే పోల్చుకుంటాడు. కొలవడానికి బుద్నీలో కేంద్ర సంస్థ ఉంది. మాకైతే గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ గడప దగ్గరే ఉంది. అక్కడ పల్లె మెకానిక్‌లకు, బండి నడిపే ఆడవాళ్లకు పవర్ స్టీరింగ్ మీదే ప్రత్యేకంగా రెండు మూడు రోజుల తరగతులు పెడితే మా వైపు సగం ఆర్బిట్రోల్‌లు అనవసరంగా మారకుండా బతుకుతాయి.

పాత బండికి పవర్ స్టీరింగ్ కిట్ బిగించమని వచ్చేవాళ్లకూ ఒక మాట. కిట్లు దొరుకుతాయి, బాగా పనిచేసేవీ ఉన్నాయి. కానీ సిలిండర్ 900 కేజీల బలంతో నెట్టేది ఆ పాత ఇరుసునే, ఆ అరిగిన టై రాడ్డునే. కింగ్ పిన్నులు, బాల్ జాయింట్లు వదులుగా ఉన్న బండికి కిట్ బిగిస్తే వదులు కనబడకుండా పోతుంది, ఒకరోజు జాయింటే ఊడి వస్తుంది. ముందు ఆ సామాను మార్చి, ఆ తర్వాతే కిట్ గురించి మాట్లాడాలి. సిలిండర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌ను ఇరుసుకు వెల్డింగ్ పెట్టి అతికించే చోట అసలు చేయించొద్దు. బోల్టులతో బిగించే బ్రాకెట్ ఉన్న కిట్ దొరికేదాకా ఆగండి.

కొత్త బండి కొనేవాళ్లు షోరూము ముందర నున్నటి సిమెంటు మీద తిప్పి చూసి సరేననకండి. దున్నిన మట్టిలోకి తీసుకెళ్లమనండి. రొటావేటర్ తగిలించి, ముందు బరువులు బిగించి, ఇంజన్ స్లోలో ఉంచి ఒంటి చేత్తో రెండు కొసలకూ తిప్పండి. స్లోలో బరువెక్కితే పంపు చాలడం లేదన్నమాట. తర్వాత ఇంజన్ ఆపి ఒకసారి తిప్పండి, అప్పుడెంత బరువుంటుందో చేతికి తెలియాలి. సంతకం పెట్టేముందు ఆ గొట్టాలు, సీళ్లు మన జిల్లాలో ఏ దుకాణంలో దొరుకుతాయో రాసివ్వమనండి. ఇంట్లో ఆడవాళ్లను కూడా వెంట తీసుకెళ్లి సీటు మీద కూర్చోబెట్టి అదే మట్టిలో తిప్పించండి. వాళ్ల చేతికి బరువైతే ఆ బండి మాకొద్దని అక్కడే చెప్పేయండి.